ఉత్తనీళ్ల మడులు

రాంచీ వైపు హిందీ ఊరైన సిద్ధగోరాలో, అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లింట్లో పెళ్లి కుదిరితే ముందు పంతులుగారిని అడుగుతారు, ఆ వెంటనే తవిటమ్మని అడుగుతారు. ఆ ముహూర్తానికి ఆవిడ ఇంకోచోట ఒప్పుకుందని తెలిస్తే, మళ్లీ పంతులుగారి దగ్గరికే వెళ్లి వేరే రోజు చూడమన్న ఇళ్లున్నాయి. వంట ఎవరైనా చేస్తారు. వడ్డన మాత్రం తవిటమ్మ చెయ్యాలి. అరవై దాటిన మనిషి, బక్కపలచన, మోకాలు నొప్పి అని ఏడాది పొడుగునా సణుగుతూనే ఉంటుంది. అయినా చీర కుచ్చెళ్లు దోపి పప్పు బకెట్టు చేతిలోకి తీసుకుందంటే ఆ మోకాలు ఎవరిదో అన్నట్టు తిరుగుతుంది.

నరసన్నపేట దగ్గర పల్లె నుంచి కొత్తకోడలిగా ఈ ఊరొచ్చింది. మొగుడు సూర్యం గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో వెల్డరు. అత్తగారు కాంట్రాక్టు కూలీలకి మెస్సు నడిపేది. కోడలు వచ్చిన వారం తిరక్కుండానే గరిటె చేతికిచ్చి, "ఎవుడైనా ఒకటే. సెయ్యి ఒక్కలాగే పడాల" అని చెప్పి తను పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ మెస్సు ఎప్పుడో మూతపడింది. అత్తగారూ పోయింది. చెయ్యి మాత్రం ఈనాటికీ ఒక్కలాగే పడుతుంది. బంతిలో కూర్చున్నవాళ్లకి, అంటే వరసగా విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లకి, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా వడ్డించడాన్ని వలపక్షం అంటారు. ఆ మాట వింటేనే తవిటమ్మకి ఒళ్లు మండుతుంది.

ఒక పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి ఒక కాంట్రాక్టరుగారిని బంతి మొదట్లో కూర్చోబెట్టి, నెయ్యి కాస్త ధారాళంగా వెయ్యమని తవిటమ్మకి కన్ను గీటాడు. ఆవిడ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "ఎయ్యొచ్చు బాబూ. ఉన్నది ఇంతే. ఈ బాబుకి ఎక్కువ ఎయ్యాలంటే ఎవులి ఆకులోంచి తియ్యమంటారో మీరే సూపించండి" అంది, అందరికీ వినబడేలా. కాంట్రాక్టరు మంచివాడు గనక నవ్వేశాడు. పెళ్లికూతురి తండ్రి మాత్రం నెలరోజులు ఆవిడతో మాట్లాడలేదు. సూర్యాన్ని అడిగితే ఇంకో సంగతి చెబుతాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా కూర రెండు సమభాగాలు చేశాకగానీ తన కంచం ముందుకు జరగదట.

ఇలాంటి మనిషికి ఏడాదిలో ఒక్కరోజు సొంత పండగ ఉంది. గమ్హరియా దాటాక ఒక మహతోగారి పల్లపు పొలం వాళ్లు కౌలుకి చేస్తారు. సూర్యం సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్లే దారిలోనే, ఇంకాస్త ముందుకి. కోతలయ్యాక ఆ కొత్తబియ్యంతో వండి, తమ సందులో ఉన్నవాళ్లందరికీ రోడ్డు మీదే చాపలు పరిచి, సాలాకుల విస్తళ్లలో భోజనం పెడుతుంది. హిందువులు, క్రైస్తవులు, పక్కింటి బీహారు వాళ్లు, ఎవరొస్తే వాళ్లు. ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర, బూరెలు. టీచరు ఫ్లోరా విస్తరి ముందు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, అది పూర్తయ్యేదాకా తవిటమ్మ అన్నం గరిటె పైకెత్తి ఆగుతుంది.

అటువంటి బంతికి రెండేళ్ల నుంచీ కొన్న బియ్యం. పొలానికి పాముపొడ తెగులు పట్టుకుంది. మొక్క మొదట్లో, నీళ్లు తగిలే దగ్గర, ఆకుల తొడుగుల మీద పాము ఒంటి మచ్చల్లాంటివి లేస్తాయి. అక్కణ్ణించి మెల్లగా పైకి ఎక్కుతాయి. కాండం కుళ్లుతుంది, చేను పడిపోతుంది, కంకిలో గింజ బదులు తాలు మిగులుతుంది. ఒక బూజు చేసే పని ఇదంతా. బజారు మందు కొట్టారు. ఒక ఏడు ఆలస్యమైంది, ఇంకో ఏడు కొట్టిన సాయంత్రమే వాన కడిగేసింది. చేసేది లేక జుగ్సలాయి బజారులోని గోదాము నుంచి బస్తాలు తెప్పించి బంతి పెట్టింది. పెట్టిందేగానీ తను మెతుకు ముట్టలేదు. ఎందుకని అడిగితే, "కొన్న బియ్యంతో ఎట్టడమేటి, హోటలెట్టినట్టు" అంది. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువ. మూడో ఏడు నాట్లు పడుతుండగా ఆవిడకి ఉన్న కోరిక ఒక్కటే. ఈసారి బంతిలో తమ గింజ పడాలి.

సరిగ్గా అప్పుడే మేనకోడలు కల్యాణి దిగింది. తవిటమ్మ వెనకాలే పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చిన తమ్ముడి కూతురు. రాంచీలో పరిశోధన చేస్తోంది. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే కాబట్టి తెలుగులో మొదలెట్టిన మాట హిందీలో తేలుతుంది. ఆ పిల్లకి కావలసిందల్లా పాముపొడ తప్పకుండా వచ్చే పొలం. తవిటమ్మ పొలానికి ఏటేటా చుట్టంలా వస్తోందని విని, ఎగిరి గంతేసి వచ్చింది.

"మా పొలానికి రోగవొచ్చిందని ఇంత సంతోషపడ్డదానివి నువ్వొక్కర్తివే" అంది తవిటమ్మ.

"అరే అత్తా, సునో నా, విను. దానికి మందు మా దగ్గరుంది. మందు అని కూడా అనకూడదు, విషం లేదందులో. చేప చావదు, కప్ప చావదు."

వంకాయలు తరుగుతున్న మేనత్త ముందు పీట వేసుకుని కూర్చుని ఆ పిల్ల అంతా చెప్పింది. బూజుకి నోరు లేదు, పళ్లు లేవు. మొక్కని తినాలంటే ముందు ఒక రసం వదిలి తొడుగుని మెత్తబరుచుకోవాలి. ఆ రసం ఎలా చెయ్యాలో దాని కణంలో రాసి ఉంటుంది. ఆ రాతని జన్యువు అంటారు. అవసరమైనప్పుడల్లా ఆ రాతకి నకళ్లు తీసి, రసం తయారయ్యే చోటికి పంపుకుంటుంది. కల్యాణి వాళ్లు ఆ రాతలోంచే ఒక ముక్కని ప్రయోగశాలలో, రెండు పోగులు పెనవేసినట్టు, జంటపోగుగా తయారుచేశారు. సన్నటి బంకమట్టి రేణువులకి దాన్ని పట్టించి, నీళ్లలో కలిపి, చేను మీద చల్లుతారు. మట్టి లేకపోతే ఎండకీ వానకీ నిలవదు. బూజు ఆ జంటపోగుని పీల్చుకుంటుంది. లోపల అలాంటిది కనబడితే ఏదో వైరస్ చొరబడిందనుకుని ముక్కలు ముక్కలు చేస్తుంది. అంతటితో ఊరుకోదు. ఆ ముక్కల పోలిక ఉన్నది ఎక్కడ దొరికినా కోసి పారేస్తుంది. అలా తన నకళ్లని తనే కోసుకుంటుంది. రాత లోపల అలాగే ఉంటుంది, కానీ దాని మాట బయటికి రాదు. జన్యువు నోరు నొక్కడం అంటే ఇదే.

తవిటమ్మ కత్తిపీట ఆపి ఆలోచించింది. "అంటే వంటశాలలోకి సరుకుల సీటీ ఎల్లకుండా సేత్తారు. సీటీ ఎల్లకపోతే వంట లేదు."

"బస్, అంతే అత్తా."

"మరి అది సచ్చిపోతాదా?"

"చావదు. తినలేక అలా పడుంటుంది."

ఆకలితో పడుంటుందన్న మాటకి తవిటమ్మ మనసు బూజు మీద కూడా ఒక్క క్షణం కరిగింది. వెంటనే జుగ్సలాయి బస్తాలు గుర్తొచ్చి, ఉండనీ అనుకుంది.

కల్యాణి షరతులు రెండే. పొలంలో సగం ప్రయోగానికి ఇవ్వాలి, మిగతా సగం వాళ్లిష్టం. రెండో షరతు, మందు చల్లిన మడుల్లో గింజ ఒక్కటి కూడా తినకూడదు. ఇంకా అనుమతి రాని మందు గనక, ఆ పంటంతా సంచుల్లో కట్టి రాంచీ తీసుకుపోవాలి. తవిటమ్మ లెక్క తేలిగ్గానే కుదిరింది. మేనకోడలికి ఒక సగం, బంతికి ఒక సగం. ఆ పిల్లకి స్కాలర్‌షిప్ ఈ ఏడాదితో ఆఖరని, ఈ పైరు మీద ఫలితం రాకపోతే ఇన్నేళ్ల చదువూ గట్టు మీదే ఆగిపోతుందని తమ్ముడు ఫోనులో చెప్పాడు. ఇవ్వననే ప్రశ్నే లేదు.

కల్యాణి తన సగాన్ని చిన్నచిన్న మడులుగా విడగొట్టింది. కొన్నిటికి ఎర్ర కర్రలు, కొన్నిటికి నీలం కర్రలు పాతింది. మొదటిసారి తనే చల్లింది. రెండోసారి చల్లాల్సిన రోజు విశ్వకర్మ పూజ, ఫ్యాక్టరీల్లో యంత్రాలకి పూజ చేసే పండగ. రాంచీలో ఆ రోజే ఆ పిల్ల గైడు ముందు నిలబడాలి. ముందురోజు ఐసుపెట్టెలో రెండు డబ్బాలు తెచ్చి పెట్టింది. ఎర్రదారం కట్టిన డబ్బా ఎర్రకర్రల మడులకి, నీలంది నీలం వాటికి. "ఎండ తగ్గాక చల్లు అత్తా, ఇంకేం ఆలోచించకు" అని చెప్పి బస్సెక్కింది.

ఆలోచించకు అని తవిటమ్మకి చెప్పడమే ఆ పిల్ల చేసిన పొరపాటు.

ఆ సాయంత్రం గమ్హరియా అంతా మైకులు మోగుతున్నాయి. సూర్యం కొత్త చొక్కా వేసుకుని, బొట్టు పెట్టిన వెల్డింగు మెషీను పక్కన పెళ్లికొడుకులా కూర్చున్నాడు, రమ్మన్నా రాలేదు. తవిటమ్మ ఒక్కతే స్ప్రేయరు వీపున తగిలించుకుని మడిలోకి దిగింది. దిగి వంగి చూసింది. నీలం కర్రల మడుల్లో మొదళ్ల దగ్గర మచ్చలు లేచాయి. ఎర్ర వాటిలో ఉన్నాయా అంటే ఉన్నాయి, కానీ తక్కువ. నీలం డబ్బాలో ఉన్నది అంత గట్టి మందు కాదేమోనని అనుమానం వచ్చి ఫోను చేసింది.

"ఒసే, నీలం దాంట్లో ఏటుంది?"

అవతల ఏదో మీటింగు గోల. "ఉత్తనీళ్లే అత్తా. సాదా పానీ. మళ్లీ చేస్తా" అని కల్యాణి పెట్టేసింది.

ఉత్తనీళ్లు. తవిటమ్మ గట్టు మీద రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఒకే పొలం, ఒకే నారు, ఒకే నీరు. పక్కపక్కన నిలబడ్డాయి. ఒకదాని ఆకులో నెయ్యి, పక్కదాని ఆకులో నీళ్లు. పైగా రోగమొచ్చినదానికే నీళ్లు. వడ్డించమని తన చేతికే ఇచ్చి వెళ్లింది ఈ గుంట. ఇన్నేళ్లలో ఎవరూ చేయించలేని వలపక్షం ఇప్పుడు చదువుకున్న మేనకోడలు చేయిస్తుందా? మైకులో భజన మారేలోపు తవిటమ్మ నిర్ణయం చేసేసింది. రెండు డబ్బాలూ ఒక పెద్ద బకెట్టులో కలిపింది. కలియతిప్పింది. కర్ర రంగు చూడకుండా ప్రతి మడికీ సమానంగా చల్లింది. మళ్లీ మొదటి మడి దగ్గరికొచ్చి, మిగిలినది కూడా సమానంగా పంచింది. ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్లింది.

మర్నాడు కల్యాణి వచ్చేసరికి గట్టు మీద ఎదురెళ్లి మరీ చెప్పింది. "దిగులెట్టుకోకు. రెండూ కలిపేసి అందరికీ సరిసమానంగా ఎట్టేసినాను. ఎవులికీ తక్కువ సెయ్యలేదు."

కల్యాణికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గట్టు మీద కూలబడింది. ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. తవిటమ్మకి కంగారు పుట్టింది. మందు పారబోసినా ఆ పిల్ల ఇంత ఏడ్చేది కాదేమో అనిపించింది.

"నానేటి సేసినానే? అన్నాయం సేసినానా?"

"లేదత్తా, అన్యాయం చెయ్యలేదు. అదే కష్టం." కల్యాణి చున్నీతో ముఖం తుడుచుకుంది. "కొన్నింటికి తక్కువ పడితేనే కదా, ఎక్కువ పడినవాటికి ఏం జరిగిందో తెలిసేది. అన్నీ ఒక్కలా ఉంటే, బతికినా మందు వల్ల బతికిందో వాన వల్ల బతికిందో ఎలా చెప్పను? కిస్కో దిఖావూఁ, ఎవరికి చూపించను? ఆ నీళ్ల మడులే నా సాక్షులు. వాటికే నువ్వు మందు పట్టేశావు."

తవిటమ్మ వెళ్లి మడుల మధ్య ఒకసారి నడిచి వచ్చింది. తన మంచితనమే పిల్ల చదువుకి అడ్డంపడిందని అప్పటికి అర్థమైంది.

"మళ్లా మొదలెట్టాలంటే ఏటి కావాల?" అంది చివరికి.

"మందు తనుశ్రీ చేసిస్తుంది, మా ల్యాబులో అమ్మాయి. మడులే లేవు. తెగులు ఇప్పుడిప్పుడే తగిలి, ఇంకా ఏమీ చల్లని మడులు కావాలి."

ఇద్దరూ ఏమీ అనుకోకుండానే గట్టు అవతలకి చూశారు. అవతల ఉన్నది తవిటమ్మ సగం. బంతి కోసం ఉంచుకున్న సగం. అక్కడా మొదళ్లలో మచ్చలు మొదలయ్యాయి. బజారు మందు తెమ్మని సూర్యానికి ఆ ఉదయమే పురమాయించింది కూడా. కల్యాణి తల దించుకుంది.

"తీసుకో" అంది తవిటమ్మ. "మళ్లా నా మనసు మారిపోకుండా కర్రలు పాతీ."

ఇంటికొచ్చాక సూర్యం లెక్క విప్పి చెప్పాడు, ఆవిడ చూసుకోలేదేమోనని. కలిపి చల్లిన సగం ఎలాగూ తినడానికి పనికిరాదు. ఇప్పుడిచ్చిన దాంట్లో ఎర్రకర్రల మడులు రాంచీ పోతాయి. మిగిలేవి ఉత్తనీళ్ల మడులే. వాటికి ఏ మందూ కొట్టకూడదు. అంటే ఈ ఏడు బంతిలో సొంతగింజ పడాలంటే అది ఆ దిక్కులేని మడుల్లోంచే రావాలి. "తెలుసు" అంది తవిటమ్మ. తెలిసి ఇచ్చిందో, ఇచ్చాక తెలిసిందో సూర్యం అడగలేదు. అంత తెలివి ఆయనకుంది.

ఈసారి కల్యాణి ఒక పని చేసింది. ఏ మడికి మందో ఏ మడికి నీళ్లో కంప్యూటరుతో తీయించకుండా, చీట్లు రాసి స్టీలుగిన్నెలో వేసి మేనత్త చేత తీయించింది. తవిటమ్మ కళ్లు మూసుకుని ఒక్కో చీటీ తీస్తుంటే ఆ పిల్ల ఒక్కో కర్ర పాతింది. మంచి మడి, చెడ్డ మడి అని ఎవరూ ఏరలేదు, ఎవరికీ కన్ను గీటలేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి తవిటమ్మ మనసు సగం తేలికపడింది. "ఈ పద్ధతి ముందే సెప్పుంటే డబ్బాలు కలిపేదాన్నే కాదు కదే" అని తిరిగి పిల్లనే తిట్టింది. కల్యాణి చెవులు పట్టుకుని క్షమాపణ చెప్పుకుంది.

ఆ తర్వాత చల్లినప్పుడల్లా తవిటమ్మే చల్లింది. నీలం మడులకి ఉత్తనీళ్లు చల్లేటప్పుడు చెయ్యి ఎక్కడా తొందరపడలేదు. ఎర్ర మడికి ఎంత సేపో దీనికీ అంత సేపు, ఎంత మొదట్లోకి వంగి చల్లిందో అంత మొదట్లోకి. గట్టు మీద నిలబడి కల్యాణి నవ్వు ఆపుకునేది, ఎందుకంటే మేనత్త ఆ మడులతో మాట్లాడేది. "నీళ్లే అని సిన్నబుచ్చుకోకండి, రోగవెంత ఎక్కితే ఎక్కనీండి, మీరు మాత్తరం పడిపోకండి" అని బతిమాలేది.

నిజంగా ఎక్కింది. ఎర్ర మడుల్లో మచ్చ మొదలు దగ్గరే నిలిచిపోయింది. ఎవరో గీత గీసి ఇక్కడితో ఆగు అన్నట్టుగా, పై ఆకులన్నీ పచ్చగా నిలబడ్డాయి. నీలం మడుల్లో కంకి కిందున్న పై ఆకు దాకా పాకింది. ఒక మూల చేను చాపలా పడుకుంది. సూర్యానికి చూడబుద్ధి కాక జుగ్సలాయిలో ఒక బజారు మందు సీసా కొని, చొక్కా కింద పెట్టుకుని తెచ్చాడు.

"రెండు మడులకి కొట్టేద్దాం, తవిటీ. బంతికి గింజలుంటాయి. ఎవులికి తెలుత్తాది?"

తవిటమ్మ ఆ సీసా చేతిలోకి తీసుకుంది. మూత మీద వేలు పెట్టిందిగానీ తిప్పలేదు. ఆవిడకి ఆశ పుట్టలేదంటే అబద్ధమే అవుతుంది. రెండేళ్ల నుంచీ తను మెతుకు ముట్టని బంతి కళ్ల ముందు మెదిలింది. "ఇవి ఆ పిల్లకి సాచ్చులు, మావా" అంది. "సాచ్చికి మందెడితే అబద్దం సెప్తాది." సీసా తిరిగిచ్చి రమ్మని ఆ పూటే పంపింది. దుకాణం వాడు వెనక్కి తీసుకోననడంతో సూర్యం దాన్ని ఫ్యాక్టరీలో తోటివాడికి ఇచ్చేసి, ఇంటికొచ్చి చెప్పకుండా ఊరుకున్నాడు.

కోతలనాడు మహతోగారి కళ్లంలో తిరనాళ్లే. మడి మడికీ విడిగా కోసి, విడిగా నూర్చి, విడిగా తూచారు. ఎర్ర మడి ధాన్యం తూకానికి పెట్టేసరికి ముల్లు వాలిపోయింది. ఇంకో ఎర్ర మడి, అలాగే వాలింది. కల్యాణి మొదటి రెండింటికీ సంతోషాన్ని బిగపట్టుకుంది. మూడోదానికి ఇక ఆగలేక "దేఖో అత్తా, దేఖో" అంటూ తవిటమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లంలో గిరగిరా తిప్పేసింది. మోకాలు నొప్పి మనిషి కూడా తిరిగింది. సూర్యం కండువా ఎగరేశాడు. మహతోగారు తన చేలో కూడా వచ్చే ఏడు ఇది చల్లిస్తారా అని అక్కడికక్కడే అడిగారు. అనుమతి రావడానికి ఇంకా చాలా పొలాల్లో చూడాలని, ఇది ఒక్క పొలమేనని కల్యాణి చెప్పింది. చెప్పేటప్పుడు కూడా నవ్వు ఆగలేదు.

ఎర్ర మడుల సంచులు మూతులు కుట్టించుకుని జీపెక్కి రాంచీ వెళ్లిపోయాయి. కలిపి చల్లిన మడుల పంట కూడా వాటితోనే పోయింది. కళ్లంలో మిగిలింది నీలం మడుల ధాన్యం. తవిటమ్మ తూర్పారబట్టింది. తాలు ఎగిరిపోయింది, ఎగిరిపోయింది, ఇంకా ఎగురుతూనే ఉంది. చివరికి మహతోగారి కౌలు కొలిచివ్వగా మిగిలింది ఒక చిన్న సంచిలో పట్టేసింది. ఆ సంచిని సూర్యానికి కూడా ఇవ్వకుండా తనే చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

బంతి రోజు వచ్చింది. రోడ్డుకి అటూ ఇటూ చాపలు పడ్డాయి. సందంతా కూర్చుంది. డేగిసాల్లో ఉడికింది ఈసారి కూడా జుగ్సలాయి బియ్యమే. తవిటమ్మ ఆ చిన్న సంచి ధాన్యాన్ని దంచి, వచ్చిన బియ్యాన్ని విడిగా ఒక చిన్న గిన్నెలో వండి, వంటింట్లో మూతపెట్టి ఉంచింది. వడ్డించాలని చెయ్యి లాగుతోంది. కానీ అది ఎంతమందికి సరిపోతుంది? సగం బంతికి వేసి సగం బంతికి లేదనాల్సి వస్తే, అంతకంటే వేయకపోవడమే నయం. దేవుడి ముందు పెట్టి, రేపు పొద్దున్నే గోవుకి పెట్టేద్దాం అనుకుంది. మేనకోడలు నెగ్గింది, అది చాలు అని మనసుకి చెప్పుకుంది. మనసు పూర్తిగా వినలేదు.

కల్యాణి రాంచీ నుంచి ఆలస్యంగా దిగి, వరస చివరి విస్తరి ముందు కూర్చుంది. ప్రార్థన ముగించి కళ్లు తెరిచిన ఫ్లోరా టీచరు, పక్కనే కూర్చున్న పిల్లని పరిశోధన ఎలా జరిగిందని అడిగింది. కల్యాణి ఉత్సాహంగా చెబుతోంది. గైడు చూశారు, సంతోషించారు, రాయడం మొదలుపెట్టమన్నారు. పప్పు వడ్డిస్తూ వస్తున్న తవిటమ్మ అక్కడ ఆగింది.

"అన్నీ రాత్తావు కదా. మరి ఆ నీళ్ల మడుల సంగతి రాత్తావా? సివర్లో ఎక్కడైనా?" గొంతు కాస్త తగ్గించి అడిగింది.

"చివర్లోనా?" కల్యాణి తల పైకెత్తింది. "లేదత్తా. పట్టికలో మొదటి వరస వాటిదే. అందరూ అలాగే రాస్తారు. ముందు వాటిని చూసి, ఆ తర్వాతే మిగతావి చూస్తారు. అవి లేకపోతే ఎర్ర మడుల మాట ఎవరూ నమ్మరు."

తవిటమ్మ పప్పు బకెట్టు అక్కడే కింద పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. సంతోషం పట్టలేకపోతోందని అందరికీ కనబడుతూనే ఉంది. గబగబా వంటింట్లోకి వెళ్లి, మూతపెట్టిన గిన్నె, నెయ్యి వేసే చిన్న చెంచా పట్టుకొచ్చింది. బంతి మొదటికి నడిచింది.

"ముందు ఇది తినండి. ఇది మన పొలంలోది. మందూ మాకూ లేకండా, రోగంతో పెరిగిన గింజ."

ఒక్కొక్క విస్తరిలో ఒక్కొక్క చెంచా. బీహారు ఆయన కళ్లకద్దుకున్నాడు. సగం బంతి అయ్యేసరికి గిన్నె సగం కన్నా కిందికి దిగింది. సూర్యం వెనకాలే వస్తూ గిన్నెలోకి తొంగిచూస్తున్నాడు. కాస్త తగ్గించి వెయ్యవే అని చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. తవిటమ్మ చెయ్యి ఎవరి దగ్గరా తగ్గలేదు. రోడ్డు ఇవతలి వరసలోకి తిరిగింది. అందరూ తినడం మానేసి ఆ గిన్నెనే చూస్తున్నారు. ఫ్లోరా టీచరుకి పడింది. చివర కూర్చున్న కల్యాణికి కూడా చెంచా నిండుగానే పడింది.

గిన్నె అంచుకి కొన్ని మెతుకులు అంటుకుని ఉన్నాయి. తవిటమ్మ వాటిని వేలితో తీసి, అక్కడే నిలబడి నోట్లో వేసుకుంది. రెండేళ్ల తర్వాత ఆ బంతిలో ఆవిడ తిన్న మొదటి అన్నం అదే.